చదవకుండా నొక్కిన "సరే": ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఫోను, కంప్యూటరు భద్రత

పర్లాకిమిడి బజారులో జిరాక్సు, డీటీపీ దుకాణం నడిపేవాడి దగ్గరికి జనం రెండు పనుల మీద వస్తారు: కాగితం కావాలని కొందరు, ఫోనులో ఏదో అయిపోయిందని మరికొందరు. పదేళ్ల కిందట నా దుకాణానికి మొదటివారే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు రెండోవారు పెరిగారు, వారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: "ఏదో అడిగింది బాబూ, సరే అని నొక్కాను." ఏమి అడిగిందని తిరిగి ప్రశ్నిస్తే చెప్పలేరు, ఎందుకంటే అది ఇంగ్లీషులోనో ఒడియాలోనో అడిగింది.

గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోని తెలుగు కుటుంబాలకు ఇది నిత్యం ఉన్న ఇబ్బందే. మన ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బ్యాంకు సందేశంలో ఇంగ్లీషు నడుస్తాయి. ఒడియా ధారాళంగా మాట్లాడేవారందరూ ఆ లిపిని చదవలేరు. ఒడియా బడిలో చదివిన మన పిల్లలందరికీ తెలుగు లిపి రాదు. ఇలా ఉన్నప్పుడు తెర మీద ప్రశ్న కనబడగానే చదవకుండా ముదురు రంగు బొత్తాం నొక్కడం అలవాటైపోతుంది. హానికర సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి మన ఫోను తాళం పగలగొట్టే అవసరం చాలాసార్లు రాదు, తలుపు మనమే తీస్తున్నాము కనుక. అందువల్ల ఇక్కడ ముప్పుల పేర్ల కన్నా, అవి ఏ దారిన వస్తాయి, ఏ ప్రశ్నకు ఒప్పుకుంటే లోపలికి అడుగుపెడతాయి అన్నదానికే ఎక్కువ చోటిచ్చాను.

ముందుగా ఫోను భాష మార్చండి

యాంటీవైరస్ గురించి ఆలోచించే ముందు చేయవలసిన పని ఇది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ అనే విభాగంలో భాషలు అన్న చోట తెలుగును చేర్చి, జాబితాలో అన్నిటికన్నా పైకి జరపండి. కంపెనీని బట్టి ఈ వరుస కొంచెం మారుతుంది కాబట్టి, దొరకకపోతే సెట్టింగ్స్ పైభాగంలోని వెతుకుడు పెట్టెలో "లాంగ్వేజ్" అని ఇంగ్లీషులో టైపు చేస్తే సరిపోతుంది. ఆ తరువాత ఏ కొత్త యాప్ అయినా మీ సందేశాలు చదవడానికి అనుమతి కోరితే, ఆ ప్రశ్న తెలుగులోనే తెర మీద నిలుస్తుంది. ఆ అనువాదపు తెలుగు కొన్నిచోట్ల కృతకంగా ఉంటుందన్నది నిజమే, నాకూ మొదట నవ్వు వచ్చింది. కానీ కృతకంగా ఉన్నా అర్థమయ్యే ప్రశ్న, అందంగా ఉండి అర్థం కాని ప్రశ్న కన్నా మేలు. ఇంట్లో ఒడియా లిపి మాత్రమే చదవగలిగినవారు ఉంటే వారి ఫోనుకు ఒడియాయే పెట్టండి.

పేర్లు, వాటి తేడాలు

హానికర సాఫ్ట్‌వేర్ అంతటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. మనవాళ్లు అన్నిటినీ వైరస్ అనే పిలుస్తారు, దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు, కానీ తేడా తెలిస్తే మందు సులువుగా దొరుకుతుంది. వైరస్ అనేది మరొక ఫైలును అంటిపెట్టుకుని, ఆ ఫైలును ఎవరైనా తెరిచినప్పుడు పనిచేస్తుంది. వర్మ్‌కు ఆ ఆసరా అక్కర్లేదు; నెట్‌వర్క్ మీదుగానో పెన్ డ్రైవు మీదుగానో తనంతట తానే ఒక యంత్రం నుండి మరొకదానికి పాకుతుంది. ట్రోజన్ మంచి వేషంలో వచ్చి మన చేతే లోపలికి రప్పించుకుంటుంది. మన ప్రాంతంలో ఫోన్లకు తగులుతున్నది ముఖ్యంగా ఇదే. స్పైవేర్ మన కదలికలను, సందేశాలను రహస్యంగా చూసి బయటికి పంపుతుంది. అందులోనే ఒక రకమైన కీలాగర్ మనం టైపు చేసే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డ్‌తో సహా, రాసి పెట్టుకుంటుంది. రాన్సమ్‌వేర్ మన ఫైళ్లకు తాళం వేసి తాళంచెవికి డబ్బు అడుగుతుంది. యాడ్‌వేర్ ప్రకటనలతో విసిగిస్తుంది. బోట్‌నెట్ అంటే, యజమానికి తెలియకుండా దొంగ ఆజ్ఞలకు లోబడి ఇతరుల మీద దాడికి పనిచేసే వేలాది యంత్రాల గుంపు. మీ ఫోను లేదా కంప్యూటరు అందులో ఒకటైనా, నెమ్మదించడం తప్ప వేరే లక్షణం మీకు కనబడకపోవచ్చు.

ఫిషింగ్ వీటికి వేరు. అది సాఫ్ట్‌వేర్ కాదు, బ్యాంకు పేరో ప్రభుత్వం పేరో చెప్పి మన చేత రహస్యాలు రాయించుకునే పద్ధతి. అయితే ఈ రెండూ తరచుగా చేతులు కలిపే వస్తాయి.

ఏపీకే ఫైలు: మన దగ్గర అన్నిటికన్నా పెద్ద తలుపు

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను మూటగట్టిన ఫైలు. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా వాట్సాప్‌లో పంపగలిగినది కావడంతో ట్రోజన్లకు ఇది రాజమార్గమైంది. వచ్చే వేషాలు మన అవసరాలను బట్టి మారుతుంటాయి. ఒడిశా నంబరు బండి మీద రోజూ పాతపట్నం వెళ్లివచ్చేవారికి ట్రాఫిక్ చలానా పేరుతో వస్తుంది. హద్దు దాటి తిరుగుతున్నాము, ఎక్కడో జరిమానా పడి ఉంటుందిలే అని నమ్మడం సహజం. రైతుకు పీఎం కిసాన్ పేరుతోనూ, ఖాతాదారుకు కేవైసీ పేరుతోనూ వస్తుంది. 2024 సెప్టెంబరు 17న ప్రారంభమైన ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద 21 నుండి 60 ఏళ్ల మధ్య వయసున్న అర్హులైన మహిళలకు ఏటా రెండు విడతలుగా మొత్తం 10,000 రూపాయలు ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకే నేరుగా చేరుతాయి. ఆ సొమ్ము అందుకోవడానికి వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఏదీ పెట్టుకోనక్కర్లేదు. కనుక విడత పడే రోజుల్లో అలాంటి ఫైలు వస్తే, ఎవరు పంపినా, తెరవకండి.

పెళ్లిళ్ల రోజుల్లో శుభలేఖ వేషం కూడా కడుతుంది. శుభలేఖలు అచ్చువేసి బతికేవాడిగా ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పగలను: ఫోనులో పంపే శుభలేఖ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో ఉంటుంది. అది యాప్‌గా ఉండదు. ఫైలు పేరు చివర డాట్ ఏపీకే అని ఉండి, నొక్కగానే ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఫోను అడిగితే, ఆ పెళ్లి ఎవరిదైనా వద్దనే అనండి. ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన "ఐ లవ్ యూ" అనే వర్మ్ ఈమెయిల్‌కు తగిలించిన ప్రేమలేఖగా వచ్చింది. ఫైలు పేరులో అసలు చివరి భాగాన్ని విండోస్ దాచి చూపించడంతో, జనం దాన్ని మామూలు కాగితం ముక్క అనుకుని తెరిచారు. పాతికేళ్లలో ప్రేమలేఖ శుభలేఖ అయింది, అంతే తేడా.

ఇలాంటి ఫైలు మీకు తెలిసినవారి నంబరు నుండే రావచ్చు, ఎందుకంటే ఒకరి ఫోనులో కుదురుకున్న ట్రోజన్ వారి వాట్సాప్ గుంపులన్నిటికీ తన నకలును పంపుతుంది. మావయ్య పంపాడు కదా అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. పంపినవారికి ఫోను చేసి అడగండి. వాట్సాప్‌లో రాసి అడగవద్దు, జవాబు రాసేది మావయ్యే అని చెప్పలేము. ఫైలు ఫోనులోకి దిగినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. ఇన్‌స్టాల్‌కు ఒప్పుకున్నప్పుడే అది ప్రాణం పోసుకుంటుంది కాబట్టి, తెరవకుండా తొలగిస్తే చాలు.

ఒప్పుకున్న తరువాత అది అడిగే అనుమతులను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇస్తే, బ్యాంకు పంపే ఓటీపీ మీకంటే ముందు దొంగకు చేరుతుంది. నోటిఫికేషన్లు చదివే అనుమతి ఇచ్చినా అదే ఫలితం. ఇతర యాప్‌ల మీద కనబడే అనుమతి ఇస్తే, మీ బ్యాంకు యాప్ తెరిచినప్పుడు దాని మీద అచ్చం అలాంటి దొంగ తెరను పరచి పిన్ రాయించుకుంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు, వినికిడి, కదలిక లోపాలున్నవారికి సాయంగా పెట్టిన ఈ సౌకర్యం ద్వారా ఒక యాప్ తెర మీది ప్రతి మాటా చదవగలదు, మీ బదులు బొత్తాలు కూడా నొక్కగలదు. బయటి నుండి తెచ్చిన యాప్‌లకు ఈ అనుమతి తేలికగా దక్కకుండా 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి ఒక అడ్డు కట్టారు. అందుకే మోసగాళ్లు ఫోనులో మాట్లాడుతూ ఆ అడ్డును ఎలా తీయాలో మీ చేతే చేయిస్తారు. హానికర యాప్‌లను పట్టుకునే ప్లే స్టోర్ కాపలా అయిన ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమని కూడా చెబుతారు. ఫోను కట్టిన అడ్డును తీయమని చెప్పేవాడు ఎవడైనా, ఏ ఆఫీసు పేరు చెప్పినా, ఆ మాట దగ్గరే ఫోను పెట్టేయండి.

ఇప్పుడు మీ ఫోనులో చూడవలసినవి ఇవి. సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉన్న జాబితా తెరిచి, వాట్సాప్‌కు, బ్రౌజరుకు, ఫైల్ మేనేజరుకు ఆ అనుమతి ఆపివేయండి. యాక్సెసిబిలిటీ జాబితాలో మీకు తెలియని పేరు ఏదీ ఆన్‌లో ఉండకూడదు. ప్లే స్టోర్ తెరిచి, కుడివైపు పైన మీ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో స్కాన్ చేయండి. ప్లే స్టోర్‌లో ఉన్నదంతా బంగారమని కాదు. ముఖ్యంగా చిటికెలో అప్పు ఇస్తామనే యాప్‌లు ఫోనులోని పరిచయస్తుల జాబితా అడిగితే అనుమానించండి. వ్యక్తిగత అప్పుల యాప్‌లు పరిచయస్తుల పేర్లు, ఫొటోలు తీసుకోకూడదని గూగుల్ 2023 నుండే నిషేధించింది.

లింకును ఎలా చదవాలి

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియావారి పేర్లలో అది చివర ఉంటుంది: సాహు, పండా, పట్నాయక్. వెబ్ చిరునామా ఒడియావారి పేరులాంటిది, దాని వంశం చివర తెలుస్తుంది. మొదట్లో "https://" ఉంటే దాన్ని వదిలేసి, ఆ తరువాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చేలోపు ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుని, కుడి నుండి ఎడమకు చదవండి. ఒడిశా ప్రభుత్వ చిరునామా అయితే చివర "ఒడిశా డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటుంది. "సుభద్ర ఒడిశా గవ్" అని ముందు ఎంత రాసినా, చివర "డాట్ ఎక్స్‌వైజెడ్" అనో "డాట్ టాప్" అనో ఉంటే అది వేరే ఇంటివాడు. చలానా నిజమో కాదో చూసుకోవాలంటే, వచ్చిన లింకు నొక్కకుండా, చివర "పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉన్న చిరునామాను మీరే టైపు చేసి బండి నంబరుతో వెతకండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు పేజీ తెరిచేటప్పుడు ఆ చివరి రెండు మాటలు చూసుకోండి. పక్కన తాళం గుర్తు ఉంటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆ తాళం చెప్పేది దారిలో మీ మాట ఎవరూ వినలేరని మాత్రమే. అవతల ఉన్నది దొంగో దొరో అది చెప్పదు.

ఎస్సెమ్మెస్ విషయంలో పరీక్ష ఇంకా సులువు. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు పంపే సందేశాలకు పంపినవారి స్థానంలో పది అంకెల మొబైల్ నంబరు ఉండదు, ఇంగ్లీషు అక్షరాల పేరు ఉంటుంది. 2025 నుండి ఆ పేరు చివర ఒక చిన్న గీత పెట్టి, ప్రభుత్వానికి జి, లావాదేవీకి టి, సేవకు ఎస్, ప్రచారానికి పి అనే అక్షరం చేర్చుతున్నారు. "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాము, ఈ నంబరుకు ఫోను చేయండి" అని మామూలు మొబైల్ నంబరు నుండి వచ్చిన సందేశానికి ఇంతకన్నా పరిశోధన అక్కర్లేదు.

దుకాణం కంప్యూటరు, పెన్ డ్రైవు

దరఖాస్తులు నింపే కేంద్రాలు, ఫొటో స్టూడియోలు, డీటీపీ దుకాణాలలో పెన్ డ్రైవే పెద్ద అంటు. ఒకసారి నా సొంత కంప్యూటరులోనే, ఎవరో అచ్చుకు తెచ్చిన పెన్ డ్రైవు పెట్టిన గంటలో ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్లు వెలిశాయి. ఫైళ్లు పోలేదు, ఆ వర్మ్ వాటిని కనబడకుండా దాచింది. అవి కనబడక, షార్ట్‌కట్‌ను నొక్కిన ప్రతిసారీ దానికి నేనే మళ్లీ ఊపిరి పోశాను. తప్పు పెన్ డ్రైవు తెచ్చినవారిది అనలేను. స్కాన్ చేయకుండా తెరిచింది నేను. అప్పటి నుండి మూడు పనులు మానలేదు: ఏ పెన్ డ్రైవునైనా తెరిచే ముందు కుడి క్లిక్ చేసి స్కాన్ చేయడం, విండోస్‌లో వ్యూ అనే చోట ఫైలు పేరు చివరి భాగాలు, దాచిన ఫైళ్లు కనబడేలా పెట్టడం, ఇతరుల పని కోసం పరిమిత అధికారాలున్న వేరే ఖాతా వాడటం.

మా వృత్తిలో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని ఒక సంగతి ఉంది. తెలుగు, ఒడియా ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌ను కొనకుండా, ఎవరో తాళం విరిచి పంచిన నకలును వాడటం. ఆ తాళం విరిచే చిన్న ప్రోగ్రామును నడపడానికి యాంటీవైరస్‌ను ఆపాలని దానితో వచ్చిన సూచనల్లోనే రాసి ఉంటుంది. దానిలో కీలాగర్ ఉందో లేదో మనకు తెలిసే దారి లేదు. ఆ కంప్యూటరులోనే పొరుగువారి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు ఉంటాయి. యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతుండగా ఈ ప్రమాదానికి నేను సమర్థన చూడలేకపోతున్నాను.

రాన్సమ్‌వేర్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2017 మే 12న మొదలైన వానాక్రై దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ పెట్టుకున్నవారు తప్పించుకున్నారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, దాని మీదే నడుస్తున్న దుకాణాలు మారే ఏర్పాటు చూసుకోవాలి. ముఖ్యమైన ఫైళ్ల నకలును బయటి హార్డ్ డిస్కులో పెట్టి, ఆ డిస్కును తీసి పక్కన ఉంచండి; తగిలించి ఉంచిన డిస్కుకు కూడా రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. యాంటీవైరస్ విషయానికి వస్తే విండోస్‌తో వచ్చే డిఫెండర్ చిన్న దుకాణానికి సరిపోతుంది. ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో బోట్‌నెట్లను తొలగించే ఉచిత పనిముట్లు దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్ అక్కర్లేని మోసాలు

కొండ ఊళ్లలో సిగ్నల్ పోవడం మామూలే కనుక, సిమ్ మార్పిడి మోసాన్ని ఇక్కడ ఆలస్యంగా గుర్తిస్తారు. మీ పేరుతో మరొక సిమ్ తీసుకున్నప్పుడు మీ ఫోనులో సిగ్నల్ పూర్తిగా పోతుంది. అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివారికి సిగ్నల్ ఉండి, మీకు మాత్రం గంటల తరబడి లేకపోతే, టవరు సంగతి అనుకోకుండా వెంటనే కంపెనీని అడగండి. కొరియరువాడినని చెప్పి నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఏదో నంబరు నొక్కమంటే అది మీ కాల్స్‌ను దొంగకు మళ్లించే సంకేతం కావచ్చు. పొరపాటున నొక్కితే ##002# డయల్ చేయడంతో మళ్లింపులన్నీ రద్దవుతాయి. వేలిముద్ర వేసి తమ ఖాతాలోని డబ్బు తీసుకునేవారు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకు తాళం, పెట్టుకుని, అవసరమైనప్పుడు మాత్రమే తెరవాలి. పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో బెదిరించే "డిజిటల్ అరెస్టు" అనేది చట్టంలో ఎక్కడా లేదు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. ఈ రెండిటి మీద ఇంతకన్నా చెప్పవలసినదేమీ లేదు.

తలుపు తెరుచుకున్నాక

దొంగ యాప్ ఎక్కిందని అనుమానం రాగానే ఫోనులో ఇంటర్నెట్ ఆపి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. మరొకరి ఫోను నుండి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేసి, బ్యాంకుకు ఫోను చేసి ఖాతా, కార్డు, యూపీఐ నిలిపివేయించండి. ఈ వరుస తప్పవద్దు, ఎందుకంటే దొంగ సొమ్మును ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మార్చేలోపే దాన్ని ఆపగలుగుతారు. ఫిర్యాదు సంఖ్యను కాగితం మీద రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో వివరాలు నమోదు చేసి, బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, సందేశం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుకు నష్టం అంటదు. ఖాతాదారే రహస్యాలు చెప్పి ఉంటే తెలిపేవరకు జరిగిన నష్టం అతడిదే, తెలిపిన తరువాతిది బ్యాంకుది. గంటలకు ఉన్న విలువ దీన్నిబట్టి తెలుస్తుంది.

ఖాతా ఆంధ్రలో, కాపురం ఒడిశాలో ఉన్నవారిని ఎక్కడ ఫిర్యాదు చేయాలన్న సందేహం ఆపుతుంది. 2024 జులై 1 నుండి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా, దగ్గరలోని పోలీసు స్టేషనులోనే సమాచారం ఇవ్వవచ్చు.

ఆ తరువాత ఫోను సంగతి. యాప్ పేరు, సందేశాలు, పంపిన నంబరు కనబడేలా మరొక ఫోనుతో ఫొటోలు తీయండి. మనం పెట్టుకున్న యాప్‌లు నడవకుండా ఆపే సేఫ్ మోడ్‌లో ఫోనును తెరిచి ఆ యాప్‌ను తొలగించండి. తొలగింపు బొత్తాం పనిచేయకపోతే, దానికి డివైస్ అడ్మిన్ అనే, ఫోను మీద పెత్తనమిచ్చే అధికారం ఉందేమో సెట్టింగ్స్‌లో చూసి ముందుగా అది తీసేయండి. ఐకాన్ దాచుకునే రకాలు ఉంటాయి కాబట్టి యాప్‌ల పూర్తి జాబితాలోనే వెతకాలి. నా అనుభవంలో, బ్యాంకు యాప్‌లున్న ఫోనుకు తొలగింపుతో సరిపెట్టుకోవడం కన్నా, ఫొటోలు వేరేచోట దాచుకుని, ఫోనులోని అన్నిటినీ తుడిచేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నయం. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లు వేరే యంత్రం నుండి మార్చండి, వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాలన్నీ తొలగించి రెండంచెల పిన్ పెట్టండి, మీ పేరుతో వచ్చిన ఫైలు తెరవవద్దని బంధువుల గుంపులకు చెప్పండి. రీసెట్ అయిన ఫోను మొదటి తెరలోనే ఏ భాష కావాలని అడుగుతుంది. చాలామంది అక్కడ ఇంగ్లీషు వదిలేసి ముందుకు నొక్కేస్తారు; ఆ ఒక్కచోట ఆగి, జాబితాలో కిందికి జరిపి, తెలుగును ఎంచుకోండి.